ఇద్దరు పి. నాయుళ్ళు

ఆక్లాండ్ శివారు పాపకూరలో మా ఇంటికి రెండు వీధుల అవతల శ్రావణి అనే అమ్మాయి ఉంటుంది. ఈ ఏడాది తనకి ఒక మగపిల్లల గ్రామర్ స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు మా ఇంటికి వచ్చి, "ఆంటీ, మీరు అలాంటి బళ్ళో ఆరేళ్ళు చేశారు కదా, నేను తెలుసుకోవాల్సిందేంటో చెప్పండి" అంది. టీ ఇచ్చాను. దిద్దాల్సిన పేపర్లు ఇంటికి మోసుకురావద్దనీ, మొదటి వారం గొంతు పెంచొద్దనీ ఏవో నాలుగు ముక్కలు చెప్పి పంపించాను.

ఆ పిల్ల వెళ్ళాక నాకు సిగ్గేసింది. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. చదివాక మీకు దారి కనిపిస్తుందని మాత్రం మాటివ్వలేను. నాకే ఇంకా కనిపించలేదు.

అర్థం కాని బడి

కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. ఈ దేశం వచ్చాక పామర్‌స్టన్ నార్త్‌లో ఆడామగా కలిసి చదివే బళ్ళో చాలాకాలం పనిచేశాను. అక్కడ పిల్లలు "హాయ్ మిస్" అని చెయ్యూపి సైకిళ్ళ మీద వెళ్ళిపోయేవాళ్ళు. ఆ అలవాటుతోనే ఆక్లాండ్ వచ్చి ఈ గ్రామర్ స్కూల్లో చేరాను.

మొదటిరోజు క్లాసు తలుపు తీసేసరికి ముప్ఫై రెండు మంది మగపిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నా వెనకాల ఎవరో పెద్దాయన వస్తున్నాడనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేను కూర్చోమనేదాకా వాళ్ళు కూర్చోరని తెలియక అలాగే నిలబెట్టి హాజరు పిలిచాను. సగం పేర్లు అయ్యాక ముందు బెంచీ కుర్రాడు మెల్లగా, "మిస్, మేం కూర్చోవచ్చా?" అన్నాడు.

ఆ నెలలోనే మైదానం చూసుకునే ముసలాయన పని మానేస్తున్నాడని బడంతా చేరి ఆయన ముందు హాకా అనే ఇక్కడి సంప్రదాయ నృత్యం చేసింది. తొడలు చరుచుకుంటూ, కళ్ళు పెద్దవి చేసి, అరుస్తూ. పక్కనున్న టీచర్ని, "ఈయన మీద వీళ్ళకెందుకంత కోపం?" అని అడిగాను. ఆమె నావైపు జాలిగా చూసి, "అది ప్రేమ" అంది. ఆ ముసలాయన ఏడుస్తున్నాడు. ఆ బళ్ళో నాకు ప్రేమేదో కోపమేదో పోల్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

ఇంకో చిక్కు. అది సర్కారు బడి. చేరడానికి పరీక్ష లేదు. కానీ ఎవరు పడితే వాళ్ళు చేరలేరు. బడి చుట్టూ గీత గీసిన జోన్‌లో ఇల్లుండాలి. ఆ గీత లోపల ఇళ్ళ అద్దెలు వింటే గుండె ఆగుతుంది. జోన్ బయటి పిల్లలకి చీటీలు తీసి కొన్ని సీట్లిస్తారు. ఇంతా చేసి లోపలికొచ్చాక అప్పుడు పరీక్ష పెడతారు. ముఖ్యంగా లెక్కల మార్కుల్ని బట్టి పిల్లల్ని ఎ నించి ఎల్ దాకా క్లాసులుగా విడగొడతారు. ఏడాది మధ్యలో మళ్ళీ పరీక్ష, మళ్ళీ సర్దుబాటు. ఎ వాళ్ళు లాటిన్ చదువుతారు. కింది క్లాసుల వాళ్ళకి ఆ గంటలో వర్క్‌షాప్, అంటే కొయ్య పని. అట్టడుగు క్లాసుని పిల్లలు క్యాబేజీలు, అంటే మట్టిబుర్రలు, అనేవాళ్ళు. ఆ మాట టీచర్ల గదిలో కూడా ఒకటి రెండుసార్లు విన్నాను. నేను కూడా నవ్వాను. అది కూడా రాయాలి కదా.

ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అని శ్రావణి అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో తెలీదు. పైకెళ్ళిన పిల్లల కళ్ళలో వెలుగు చూశాను. కిందికొచ్చినవాళ్ళు రెండు వారాలపాటు సంచీ భుజం మీంచి దించకుండా కూర్చోవడమూ చూశాను.

నా తప్పు

ఆ బళ్ళో నాది రెండో ఏడు. టెన్-డికి, అంటే పదో ఏడు డి క్లాసుకి, లెక్కలు చెప్తున్నాను. పధ్నాలుగేళ్ళ పిల్లలు. వాళ్ళలో ఇద్దరు తెలుగు మూలాలవాళ్ళు, ఇద్దరూ నాయుళ్ళే, ఇద్దరి పేర్లూ 'ప'తోనే మొదలు.

ప్రశాంత్ వాళ్ళది విజయనగరం. వాళ్ళమ్మ సునీత వృద్ధుల ఆశ్రమంలో నర్సు. జోన్ బయట మనురేవాలో ఉన్న మంచి ఇల్లు అద్దెకిచ్చేసి, ఈ బడి కోసమే జోన్ లోపల రెండు గదుల యూనిట్లోకి మారారు. ప్రనీల్ వాళ్ళు ఫిజీ నించి వచ్చినవాళ్ళు. తాతలనాడెప్పుడో చెరకు తోటల్లోకి వెళ్ళిన తెలుగువాళ్ళు. వాడికి చీటీలో సీటొచ్చింది. పాపకూరలో నాయనమ్మ దగ్గర ఉండి రోజూ రైల్లో వచ్చేవాడు. ప్రశాంత్ చురుకైనవాడు, మాట తక్కువ. ప్రనీల్ కష్టపడేవాడు, లెక్క రాకపోతే చెవులు ఎర్రబడేవి.

ఏడాది మధ్య పరీక్షల్లో నేను నూట ఇరవైకి పైగా పేపర్లు దిద్దాను. మార్కులు మొదట నా నోటుపుస్తకంలో రాసుకుని, తర్వాత కంప్యూటర్లో ఎక్కించాలి. కంప్యూటర్ జాబితాలో ఇంటిపేరు, పొడి అక్షరం మాత్రమే. 'నాయుడు పి.' ఒక వరస. దాని కింద మళ్ళీ 'నాయుడు పి.'

పేపర్లు పిల్లలకి తిరిగిచ్చేశాను. మర్నాడు కొత్త జాబితాలు గోడకెక్కాయి. ప్రనీల్ నాయుడు, టెన్-డి నించి టెన్-ఎకి.

నాకు కాస్త ఆశ్చర్యమేసింది. దానికంటే ఎక్కువ సంతోషం కలిగింది. దూరం నించి రైల్లో వచ్చే పిల్లాడు, చీటీలో వచ్చినవాడు. ఆ వారమే వాళ్ళ నాయనమ్మ చీర కట్టుకుని ఇంత పెద్ద డబ్బాతో మిఠాయి తీసుకుని బడికొచ్చింది. "టీచరమ్మా, ఫిజీలో సువా దాకా ఫోను కొట్టి అందరికీ జెప్పేసినా" అంది ఆ పాతకాలపు తెలుగులో. నేను మిఠాయి తిన్నాను.

కొత్త టీచర్లకి నేను గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే. మన మనసుకి కష్టంగా ఉన్న మార్కుల్ని రెండోసారి కూడి చూస్తాం. సంతోషం కలిగించినవాటిని చూడం. వాటిని కూడా చూడండి.

బ్రూస్టర్ గారు

మా లెక్కల విభాగానికి పెద్ద బ్రూస్టర్ గారు. టెన్-ఎకి ఆయనే చెప్పేవారు. ముప్ఫై ఏళ్ళుగా అదే గది, అదే గోధుమరంగు స్వెటరు. మంచి టీచరు. మూడు వారాలయ్యాక వరండాలో ఎదురై, "మీ నాయుడు బాగా కష్టపడుతున్నాడు. కానీ ఎనభై నాలుగు తెచ్చుకున్నవాడిలా అనిపించట్లేదు" అన్నారు.

గదిలోకెళ్ళి నోటుపుస్తకం తీశాను. ప్రశాంత్ ఎనభై నాలుగు. ప్రనీల్ అరవై ఒకటి. కంప్యూటర్లో తిరగేసి ఎక్కించాను.

ఆ మధ్యాహ్నమే ఆయన గదికెళ్ళి పుస్తకం బల్ల మీద పెట్టి, "తప్పు నాది. ఇద్దర్నీ మార్చేద్దాం" అన్నాను.

ఆయన పుస్తకం మూసి నావైపు తోశారు. "మూడు వారాలయ్యాక ఆ పిల్లాణ్ణి కిందికి దించమంటారా? గోడమీద పేరు కొట్టేసి?"

"పోనీ దించొద్దు. ప్రశాంత్‌ని పైకి తెద్దాం."

"కుర్చీ లేదు. ఒకణ్ణి తేవాలంటే ఒకణ్ణి పంపాలి. ఎందుకని అడుగుతారు. చెప్పాలి. అప్పుడు ప్రతి తల్లీ తన కొడుకు పేపరు మళ్ళీ దిద్దమంటుంది." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏడాది చివర ఇంకో పరీక్షుంది. ఎవరి చోటుకి వాళ్ళెళ్తారు. ఇకనించి పూర్తి పేర్లు రాయండి."

"మరి ప్రశాంత్ వాళ్ళమ్మకి?"

"మీకు చెప్పాలనిపిస్తే నేను ఆపను. కానీ ఏం చెప్తారో ముందు బాగా ఆలోచించుకోండి."

ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన మాటల్లో సగం నిజమనే ఇప్పటికీ అనుకుంటాను. ఏ సగమో తేల్చుకోలేకపోయాను. నా సంగతి వేరు. నాది అప్పటికింకా ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఇండియన్ టీచరు ఇద్దరు ఇండియన్ పిల్లల మార్కులు తారుమారు చేసిందంటే వినేవాళ్ళేమనుకుంటారో అని భయం. ఇంటికెళ్ళి మావారికి చెప్తే, "రేపే వెళ్ళి చెప్పెయ్" అన్నారు. రేపు వచ్చింది. వెళ్ళలేదు.

సునీత గారి ప్రశ్న

తర్వాతి నెలలో తల్లిదండ్రులు టీచర్లని కలిసే సాయంత్రం వచ్చింది. పెద్ద హాల్లో బల్లలు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, గంట కొడితే లేవాలి. సునీత గారు డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. రిపోర్టు కార్డు మడత విప్పి నా ముందు పెట్టారు. లెక్కలు, అరవై ఒకటి.

"మేడమ్, మీరు తెలుగువాళ్ళు కాబట్టి అడుగుతున్నాను. మావాడు ఇక్కడికొచ్చాక తగ్గిపోయాడా? మనురేవాలో ఉన్నప్పుడు క్లాసులో వాడే ఫస్టు. ఇల్లు వదిలేసి, ఇద్దరు పిల్లలతో రెండు గదుల్లో పడి ఉన్నాం. వాడికి అంత శక్తి లేదేమో, మేమే ఆశపడ్డామేమో. ఉన్నదున్నట్టు చెప్పండి."

ప్రశాంత్ పక్కనే కూర్చుని బల్ల కింద బూట్లు చూసుకుంటున్నాడు.

చెప్పడానికి నోరు తెరిచాను. "వాడు తెలివైనవాడండీ" అన్నాను. "ఒక్క పరీక్ష చూసి ఏమీ అనుకోకండి."

"తెలివుండి ఇన్నే వచ్చాయంటే చదవట్లేదన్నమాట" అన్నారావిడ. గంట మోగింది.

ఆ వారంనించే వాణ్ణి ట్యూషన్‌లో పెట్టారు. వారానికి నాలుగు సాయంత్రాలు. హాకీ ఆట మాన్పించారు. బడి అయ్యాక వాడు మైదానం పక్కనించి కర్ర లేకుండా నడిచి వెళ్ళడం నా క్లాసు కిటికీలోంచి కనిపించేది. అది నావల్లేనని తెలుసు. ప్రతి సోమవారం ఈ వారం చెప్తాననుకునేదాన్ని.

చెరిపేసిన పేజీ

ఏడాది చివరి పరీక్ష వచ్చింది. ఈసారి పూర్తి పేర్లు రాశాను, ప్రతి మొత్తాన్నీ మూడుసార్లు కూడి చూశాను. ప్రనీల్‌కి టెన్-ఎలో కింది వరసలో మార్కులొచ్చాయి, కానీ ఆ క్లాసులో నిలబడడానికి సరిపోయాయి. నాలుగు నెలల్లో ఆ పిల్లాడు అక్కడి మట్టానికి ఎక్కాడు. ఎలా ఎక్కాడో తెలీదు. అరవై ఒకటి వాడి అసలు శక్తి కాదా, లేక ఆ గదే వాణ్ణి పైకి లాగిందా? అయితే మేం కొలుస్తున్నది దేన్ని?

ప్రశాంత్ పేపరు ఆఖర్న దిద్దాను. చిన్న చిన్న తప్పులు పోగా మిగతావన్నీ ఒప్పులే. పన్నెండు మార్కుల చివరి లెక్క దగ్గర పేజీ ఖాళీ. తిప్పబోతుంటే వేలికి గరుకు తగిలింది. కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశాను. పెన్సిల్‌తో లెక్క మొత్తం చేసి, రబ్బరుతో చెరిపేసి ఉంది. నొక్కిన గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. జవాబు సరైనదే.

ఆ పన్నెండు వస్తే వాడు పైకెళ్తాడు. రాకపోతే ఉన్నచోటే ఉంటాడు.

చెరిపేసినదానికి మార్కులివ్వకూడదు, అది నియమం. కానీ ఈ పిల్లాడికి నేను బాకీ పడ్డాను. అదెలా తీర్చాలో తెలియక ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. చివరికి సున్నా వేశాను. నియమం మీద గౌరవంతో వేశానా, ఇచ్చి మళ్ళీ జవాబు చెప్పుకోవాల్సొస్తుందన్న భయంతో వేశానా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

మర్నాడు వరండాలో వాణ్ణి ఆపి, "చివరి లెక్క ఎందుకు చెరిపావు?" అన్నాను.

"తప్పేమో అనిపించింది, మిస్" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు.

వర్క్‌షాప్‌లో

మూడేళ్ళు గడిచాయి. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. బ్రూస్టర్ గారు రిటైరయ్యారు. ప్రశాంత్ చివరి ఏడు మళ్ళీ నా క్లాసులో పడ్డాడు. నాకంటే ఒక అడుగు ఎత్తు పెరిగాడు. బడి ముగియడానికి వారం ఉందనగా, ఇంక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ చెప్పలేనని వర్క్‌షాప్‌కి వెళ్ళాను. ఒక బల్లకి కాళ్ళు బిగించి, గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. గదిలో మరెవరూ లేరు.

"ప్రశాంత్, ఇయర్ టెన్‌లో ఏడాది మధ్య పరీక్షలో నీకు అరవై ఒకటి కాదు" అని మొదలుపెట్టాను.

వాడు రుద్దడం ఆపలేదు. "ఎనభై నాలుగు. తెలుసు మిస్." ఇంగ్లీషులోనే అన్నాడు, ఇంగ్లీషే వాడికి సులువు. "పేపరు మీరే ఇచ్చారు కదా. మీద రాసి ఉంది."

నేను ఆ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. నిజమే. పేపర్లు నా చేత్తోనే పంచాను. ఈ మూడేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ప్రనీల్‌కి కూడా తెలుసు" అన్నాడు. "జాబితా గోడకెక్కిన రోజు లంచ్‌లో ఇద్దరం పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చూశాం. వాడు ఆఫీసుకెళ్ళి చెప్తానన్నాడు. లేచాడు కూడా. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"ఎ క్లాసుకెళ్తే లాటిన్. ఇది ఉండదు." చేత్తో బల్లని చూపించాడు. "వాడు పొద్దున్నే నాయనమ్మకి ఫోన్ చేసి ఎ క్లాసు వచ్చిందని చెప్పేశాడు. వాడు వెళ్దామనుకున్నాడు, నేను ఉండిపోదామనుకున్నాను. మిస్, మాకేం నష్టం లేదు."

"నీ హాకీ?"

ఒక క్షణం చెయ్యి ఆగింది. "అది బాధనిపించింది" అన్నాడు. "అలా అవుతుందని అనుకోలేదు."

"అప్పుడైనా అమ్మకి చెప్పొచ్చు కదరా."

"చెప్తే పైకి పంపేది. మీరెందుకు చెప్పలేదు?"

నిందగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. భయపడ్డానని చెప్పాను. తలూపి, మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.

బయటికొచ్చాక నాకు తేలిగ్గా అనిపించాలి. అనిపించలేదు. మూడేళ్ళు నేను మోసిన బరువు ఎవరిదో అర్థం కాలేదు. పధ్నాలుగేళ్ళ పిల్లలు ఒక లంచ్ గంటలో తేల్చుకున్నదాన్ని, ఇద్దరు పెద్దవాళ్ళం, బ్రూస్టర్ గారూ నేనూ, రహస్యంగా కాపాడాం. పోనీ వాళ్ళిష్టమే జరిగింది కాబట్టి నా తప్పు తప్పు కాకుండా పోతుందా? పధ్నాలుగేళ్ళవాడికి తనకేం కావాలో నిజంగా తెలుస్తుందా? వాడికి తెలిసిందేమో. నాకు నా యాభై ఆరో ఏట కూడా తెలీదు.

ప్రనీల్ బడి ఆఖరిరోజున వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. వర్క్‌షాప్‌లో మేం మాట్లాడింది ప్రశాంత్ చెప్పినట్టున్నాడు. "మిస్, ఆ గదిలో రోజూ ఎవరో ఒకరు తలుపు తీసి, పొరపాటైంది, లే అంటారేమో అనిపించేది" అన్నాడు. "అందుకే అంత చదివాను." చెవులు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు, పాసవుతున్నాడు. వాడికి మంచి జరిగిందని సంతోషించాలో, మూడేళ్ళకి పైగా భయంలో ఉంచానని బాధపడాలో తేల్చుకోలేకపోతున్నాను.

చెప్పడం

నేను రిటైరయ్యాను. ప్రశాంత్ పామర్‌స్టన్ నార్త్‌లో ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర వడ్రంగం నేర్చుకుంటున్నాడు. సునీత గారి కుటుంబం తిరిగి మనురేవా ఇంటికి మారిపోయింది. ఒకసారి ఇండియన్ షాపులో కనబడి, "వాడు ఇంజనీరింగ్ చదువుతాడనుకున్నాం మేడమ్. లెక్కల్లో వెనకపడ్డాడు కదా, ఇంకేం చేస్తాం" అన్నారు. కందిపప్పు సంచీ తిరిగి అరలో పెట్టేసి బయటికొచ్చాను. ఇంటికొచ్చి ప్రశాంత్‌కి ఫోన్ చేశాను.

"మీ అమ్మకి చెప్పాలనుకుంటున్నాను."

వెనకాల మేకులు కొట్టే చప్పుడు వినబడుతోంది. "మీ ఇష్టం, మిస్" అన్నాడు. "కానీ ఈ వారాంతం నేనొస్తున్నాను. నేను వెళ్ళాక చెప్పండి."

వాడు వెళ్ళాక, మంగళవారం ఉదయం మనురేవా వెళ్ళాను. సునీత గారు టీ పెట్టబోతుంటే వద్దని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వరసలు తారుమారవడం, నోటుపుస్తకం, హాల్లో ఆ ఐదు నిమిషాలు, పిల్లలిద్దరికీ తెలిసుండటం, అన్నీ. చెరిపేసిన పేజీ గురించి కూడా. ఏదీ తగ్గించి చెప్పలేదు.

ఆవిడ అడ్డు రాకుండా విన్నారు. చివరికి, "ఎనభై నాలుగా?" అన్నారు.

"అవునండీ."

"ఆ పేపరు మీ దగ్గరుందా?"

"లేదండీ. పిల్లలకి ఇచ్చేశాం."

"వాడు పారేసుంటాడు." ఆవిడ ఒళ్ళో చేతులు చూసుకున్నారు. "ఆ రోజు కార్లో ఇంటికెళ్తూ, నీకోసం ఇల్లొదిలొచ్చాం, సిగ్గులేదా అన్నాను మేడమ్. వాడు ఒక్క మాట అనలేదు. నిజం తెలిసి కూడా అనలేదు." తలెత్తి నావైపు చూశారు. "మీరూ అనలేదు."

క్షమించమని అడిగాను. ఆవిడ లేచి, "నాకు డ్యూటీ టైమవుతోంది" అన్నారు. గుమ్మం దాకా వచ్చి, నేను చెప్పులేసుకునేదాకా నిలబడ్డారు. ఆ మర్యాద నాకు ఏ తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

పదిరోజుల తర్వాత ఫోన్లో మెసేజ్ వచ్చింది. "మేడమ్, వాడితో మాట్లాడాను. నవ్వుతున్నాడు. నాకింకా నవ్వు రావట్లేదు. నవ్వొచ్చినప్పుడు కాల్ చేస్తాను."

ఇంకా కాల్ రాలేదు.